ఏ మల్లాదివారండీ?

మా రోజుల్లో కొత్త మనిషి కనపడితే ముందు అడిగేది పేరు కాదు, ఇంటిపేరు. కాకినాడ స్టేషన్లో దిగినవాణ్ణి రిక్షావాడు కూడా "ఎవరింటికండీ?" అని అడిగేవాడు. వీధి పేరు చెబితే వాడికి ఆనదు. "మల్లాదివారింటికి" అంటే "ఏ మల్లాదివారండీ? ప్లీడరుగారా, సంగీతం మేష్టారా?" అని రెండో ప్రశ్న సిద్ధంగా ఉండేది. ఇక పెళ్ళి పంక్తిలో కూర్చుంటే చెప్పేదేముంది? "మీ తాతగారిదే ఊరు? మీ అమ్మగారి పుట్టింటివారెవరు? మీ పెద్దత్తయ్యని ఎవరింట ఇచ్చారు?" పప్పు వడ్డించేలోపు మూడు తరాలు బయటికి లాగేవారు. పెరుగు వచ్చేసరికి ఎక్కడో ఒకచోట చుట్టరికం తగిలేది. తగలకపోతే తగిలించేవారు. "అయితే నువ్వు నాకు వరసకి బావవోయ్" అని వీపు మీద ఒకటి చరిచి, ఇంకో గరిటెడు పాయసం మన విస్తట్లో పోయించేవారు.

ఇప్పుడెవరడుగుతున్నారండీ? "సార్, ఫోన్ నంబర్ చెప్పండి" అంటారు. పచారీ కొట్లో అదే, మందుల కొట్లో అదే, చెప్పుల కొట్లోనూ అదే. చెప్పులు కొనుక్కునేవాడి ఫోన్ నంబరు వీళ్ళకెందుకో నాకీనాటికీ అర్థం కాలేదు. మనిషి పదంకెలైపోయాడు.

ఉద్యోగం కోసం పుదుచ్చేరి వచ్చి, తట్టాంచావడి పారిశ్రామికవాడలో ఒక చిన్న కార్ఖానాలో లెక్కలు రాస్తూ ఇక్కడే ముసలివాణ్ణయిపోయాను. వచ్చిన కొత్తలోనే నా ఇంటిపేరుకి గండం పట్టింది. మస్టర్ రోల్లో పేరెక్కించే ఆయన "ఇనిషియల్ ఎన్న?" అన్నాడు. 'ఎం' అన్నాను. "అప్పా పేరు మురుగేశనా, మాణిక్కమా?" అన్నాడు. నాన్న పేరు కాదయ్యా, ఇంటిపేరు అంటే, వింతగా చూశాడు. తమిళదేశంలో పేరు ముందుండే అక్షరం తండ్రిది. మనకేమో ఏ తాతముత్తాతల కాలంలోనో వదిలేసిన ఊరిది. అమరావతి దగ్గర మల్లాది అని ఒక పల్లె ఉంది. ఆ ఊరి పొలిమేర కూడా నేనెప్పుడూ తొక్కలేదు. అయినా ఆ ఊరు నా పేరు ముందు కూర్చునే ఉంది. ఇదంతా ఆయనకి చెప్పబోయాను. ఆయన అప్పటికే 'ఎం' అని రాసేసి తరువాతి మనిషిని పిలిచాడు.

పోనీ, ఆ అక్షరమైనా మిగిలిందనుకున్నాను. తరువాత నా కొడుకు పేరు ముందు నా పేరులోని మొదటి అక్షరం వచ్చి చేరింది. వాడి కొడుక్కి వాడి పేరే ఇంటిపేరు అయిపోయింది, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగా ఉంటే చిక్కులట. ఇవాళ మా ఇంట్లో గుర్తింపు కార్డులన్నీ బల్ల మీద పరిస్తే ఒకే వంశం వాళ్ళని ఏ న్యాయాధిపతీ నమ్మడు.

మా మనవడి బాబాయొకడు అమెరికాలో ఉన్నాడు. వాడి స్నేహితుడు, పాపం అరవపిల్లాడు, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాడు. వాడి వీసా మీద 'ఎఫ్.ఎన్.యు.' అని అచ్చేశారట. 'పేరు తెలియదు' అని దానర్థం. పేరున్న గడిలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరుగా పోయింది కాబట్టి, అసలు పేరు తెలియదని రాసుకున్నారు. తల్లీతండ్రీ నామకరణం చేసిన పిల్లాణ్ణి పట్టుకొని పేరు తెలియదనడమేమిటి? అడిగితే తెలిసేది కదా!

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? అక్కడికి వెళ్ళగానే ఇంటిపేరు తీసి వెనక పెట్టుకుంటున్నారు. వీధరుగు మీద కూర్చోవలసిన పెద్దమనిషిని పెరట్లోకి తరిమినట్టు.

ఈ ఊళ్ళో పేర్ల తమాషా నా వల్ల మొదలైంది కాదు లెండి. రెడ్డియార్‌పాళయం ఇక్కడికి దగ్గరే. రెడ్డియార్లు తెలుగు మూలాలవాళ్ళు. తరాల కిందట ఇటు వచ్చారు, ఇంటిపేర్లు దారిలో పోయి కులబిరుదు మిగిలింది. వెంకటసుబ్బా రెడ్డియార్ గారు 1964లో పుదుచ్చేరికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన కుమారుడు వైద్యలింగం గారు 1991లో ముఖ్యమంత్రి అయ్యారు, మళ్ళీ 2008లోనూ అయ్యారు. తండ్రీకొడుకులిద్దరూ ముఖ్యమంత్రులు! కానీ కొడుకు పేరులో తండ్రి జాడ 'వి' అనే ఒక్క అక్షరం. ఇంటిపేర్ల పట్టిక వేసేవాడెవడూ వీళ్ళిద్దర్నీ ఒక వరసలో పెట్టలేడు. ఆ 'వి' ఎవరిదని అడిగినవాడికే తెలుస్తుంది.

ఫ్రెంచివాళ్ళ కాలంలో ఇంకో చోద్యం. 1881 సెప్టెంబరు 21న ఒక శాసనం వచ్చింది. మీ కులాచారాల చట్టం వదులుకొని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి రాదలచినవాళ్ళు రావచ్చు, అయితే వచ్చేవాళ్ళు తమకీ తమ సంతతికీ ఒక ఇంటిపేరు ఎంచుకోవాలి అని. అలా వెళ్ళినవాళ్ళని రెనోన్సాన్లు అన్నారు. వాళ్ళకి దారి చూపిన వకీలు పొన్నుతంబి పిళ్ళై. అంతకుముందే, దొరల బూట్లు వేసుకొని కోర్టుకు వచ్చాడని ఇక్కడి జడ్జీ వాదించనివ్వకపోతే, పారిస్ దాకా వెళ్ళి గెలిచిన మనిషి ఆయన. తన ఇంటిపేరుగా 'లాపోర్త్' అని పెట్టుకున్నాడు. ఊళ్ళో ఇంకా కొందరు ఫ్రెంచి ఇంటిపేర్లవాళ్ళు కనపడితే, వాళ్ళ ముత్తాత ఏదో ఒక రోజు కచేరీలో గుమాస్తా ముందు నిలబడి ఆ పేరు కోరుకొని ఉంటాడన్నమాట. మనకి పుట్టగానే ఉచితంగా వచ్చినదాన్ని వాళ్ళు సంతకం పెట్టి తెచ్చుకున్నారు. వాళ్ళు దాన్ని భద్రంగా ఫ్రాన్సు దాకా మోసుకుపోయారు. మనం ఇక్కడి రేషన్ ఆఫీసు దాకా కూడా మొయ్యలేకపోయాం.

యానాం సంగతి వేరు. అక్కడ తెలుగువాళ్ళకి ఇంటిపేర్లు ముందే ఉన్నాయి. ఫ్రెంచి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఉకారానికి వాళ్ళ రాతలో రెండక్షరాలు, ఓ, యూ. 'బులుసు' అని రాయడానికి ఆ జంటని మూడుసార్లు దించాల్సి వచ్చింది పాపం. కామిశెట్టివారు కామిచెట్టి అయిపోయారు. అయినా పొరపాటున కూడా పేరు వదల్లేదు. కాకినాడ బులుసు సాంబమూర్తి గారు 1937లో మద్రాసు శాసనసభకి స్పీకరైతే, యానాంలోని కామిశెట్టి పరశురామ వరప్రసాదరావు నాయుడు గారు తరువాతి కాలంలో పుదుచ్చేరి శాసనసభకి స్పీకరయ్యారు. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి బయటపడిందంటే ముందు నిలబడినవాడు దడాల రఫేల్ రమణయ్య గారు. ఇంటిపేరు తెలుగు, నడిమి పేరు చర్చిది, చివరి పేరు అచ్చంగా మన గోదావరి ఒడ్డుది. పుదుచ్చేరిలో పాతవాళ్ళు ఆయన్ని 'దడాల' అనే అనేవారు. ఒక్క ఇంటిపేరుతో ఊరంతా గుర్తుపట్టే రోజులవి.

ఇదంతా ఇప్పుడెందుకు నెమరేస్తున్నానంటే, మొన్న మా మనవడు ఒక జాబితా తెచ్చాడు. బళ్ళో ఏదో ప్రాజెక్టట: మీ ఇంటిపేరు గల ప్రముఖుల గురించి రాయండి అని. వాడు మంచం మీంచి దిగకుండానే, ఫోన్లో ఇంగ్లీషున మా ఇంటిపేరు కొట్టి, వచ్చినవాళ్ళందర్నీ వరసగా దించి, రంగుల బొమ్మలంటించి, పైన 'మా కుటుంబం' అని రాసుకొచ్చాడు. "తాతయ్యా, మన ఫ్యామిలీలో ఇంతమంది గ్రేటా?" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకొని చూశాను. మొదటాయన మల్లాది రామకృష్ణశాస్త్రి గారు. సరే. 1905లో పుట్టి 1965లో పోయారు. 'కృష్ణాతీరం' రాసిన కలం. 'చిరంజీవులు' సినిమాకి పాటలు రాసిన చెయ్యి. మద్రాసు పానగల్ పార్కులో సాయంత్రంపూట ఆయన కూర్చుంటే చుట్టూ చేరినవాళ్ళకి అదొక విశ్వవిద్యాలయం. ఆ పార్కుకి పేరిచ్చిన పానగల్ రాజా కూడా తెలుగువాడే, పానగంటివారు. ఈ సంగతి ఆ పార్కు పక్క చీరలు కొనుక్కునేవాళ్ళలో ఎందరికి తెలుసు? "ఏం పాటలు రాశారో ఒకటి పాడరా" అన్నాను. ఫోన్లో వెతుకుతానన్నాడు.

రెండో ఆయన మల్లాది చంద్రశేఖరశాస్త్రి గారు. భద్రాచలం సీతారామ కల్యాణం రేడియోలో ఆయన చెబుతుంటే మా వీధిలో ఇడ్లీపాత్రలు కూడా చప్పుడు చేసేవి కావు. దూరదర్శన్‌లో ధర్మసందేహాలు తీర్చేవారు. 2022 సంక్రాంతి రోజుల్లో, తొంభై ఆరేళ్ళు నిండి వెళ్ళిపోయారు. ఆయన పక్కనే, ఒకే అట్ట మీద, మల్లాది సుబ్బమ్మ గారు! హేతువాది, స్త్రీల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి, సారా వ్యతిరేక ఉద్యమంలో ముందున్న ఆవిడ. శాస్త్రిగారు సందేహాలు తీరిస్తే, ఆవిడ పుట్టించేవారు. ఇద్దర్నీ ఒకే కుటుంబం కింద జిగురుతో అంటించాడు మా వాడు. ఆవిడకి మల్లాది అత్తింటి పేరురా, భర్త ఎం.వి. రామమూర్తి గారు కూడా పెద్ద హేతువాది, ఆ 'ఎం' మల్లాది అని చెప్పాను. "అయితే ఆవిడ పుట్టింటి ఇంటిపేరు ఏంటి?" అని అడుగుతాడేమోనని ఎదురుచూశాను. అడగలేదు. అదే మా మేనత్త అయితే అడిగాకే మంచినీళ్ళిచ్చేది.

తరువాత మల్లాది వెంకట కృష్ణమూర్తి గారు. ఆయన పేరు దగ్గర ఫోటో గడి ఖాళీ. "ఫోటో దొరకలేదు తాతయ్యా" అన్నాడు. ఎలా దొరుకుతుంది? ఆయన ఫోటో అచ్చు వేయించుకోరని వీక్లీలు చదివే ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. 'చంటబ్బాయి', 'రెండు రెళ్ళు ఆరు' నవలలు ఒకే ఏడాది, 1986లో, జంధ్యాల గారి చేతిలో సినిమాలయ్యాయి. మా రోజుల్లో సీరియల్ రచయిత మొహం ఎవరికి కావాలి? వారం వారం కథ కావాలి. ఇప్పుడు మొహాలే మొహాలు, కథే లేదు.

ఆ కింద మల్లాది సోదరులు, శ్రీరాంప్రసాద్, రవికుమార్. విజయవాడవాళ్ళు. తండ్రి సూరిబాబు గారు నేర్పిన సంగీతం. శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి గార్ల దగ్గర మెరుగు పెట్టుకున్నారు. వాళ్ళ ఊరివారే మల్లాది విష్ణు గారు, 2019లో విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్లతో గెలిచిన ఆయన. ఇరవై అయిదు! ఇంటిపేరు కలిసినవాళ్ళు ఒక్క వీధిలో ఉన్నా అంతకంటే ఎక్కువ వస్తాయి.

ఇంతవరకు ఓర్చుకున్నాను. తరువాతి పేర్లు చూసి కళ్ళజోడు తీసేశాను. సత్యలింగం నాయకర్, యానాం కృష్ణారావు గారు. ఇంగ్లీషులో రాస్తే అందరిదీ ఒకటే రాత. తెలుగులో వాళ్ళది మల్లాడి. డకారం. మాది దకారం. ఇవి రెండు వేరు వేరు ఇంటిపేర్లురా నాయనా అంటే, "స్పెల్లింగ్ సేమ్ కదా తాతయ్యా" అన్నాడు. ఇంగ్లీషువాడి దగ్గర ఒకే 'డి' ఉందని మనం రెండు వంశాల్ని కలిపేస్తామా?

అలాగని వాళ్ళని కొట్టేయమన్నానా? కూర్చోబెట్టి చెప్పాను. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి రేవుండేది. 1839 నవంబరు తుపానులో ఆ రేవు ఊడ్చుకుపోయింది. మరుసటి ఏడు పుట్టాడు సత్యలింగం, మత్స్యకారుల ఇంట. రంగూన్ వెళ్ళాడు. అక్కడ తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవారు, ఇంటిపేర్లన్నిటి మీదా ఒక రేవు పేరు కప్పేశారు. ఆ రంగూన్ రేవులోనే ఓడసరుకు పనుల్లో గొప్ప ఆస్తి సంపాదించి, పిల్లల చదువులకి రాసిచ్చేసి, 1915లో కన్నుమూశాడు. కాకినాడలో వంతెన దాటి జగన్నాథపురం వెళితే ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్. బడి ఉంది, కాలేజీ ఉంది. నన్నయ విశ్వవిద్యాలయం వారి కాకినాడ ప్రాంగణానికీ ఆయన పేరే. మా ఈడువాళ్ళు ఎంతమంది ఆ బళ్ళో పలకా బలపం పట్టారో! "మీ ముత్తాత స్నేహితులు అక్షరాలు దిద్దుకున్నది ఆయన డబ్బుతో. ఆయన మనవాడు కాదు. మనమే ఆయన పిల్లలం" అన్నాను. ఇప్పుడక్కడ చదివే పిల్లల్ని ఆపి 'ఎం' అంటే ఏమిటని అడగండి. మేథమేటిక్స్ అంటారేమో.

ఇక మల్లాడి కృష్ణారావు గారు. 1996 నుంచి 2021 దాకా యానాంకి శాసనసభ్యుడు, పుదుచ్చేరిలో మంత్రిగానూ చేశారు. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఊరు నుంచి వచ్చి ఇక్కడి సభలో తెలుగు గొంతు వినిపించినవాడు. ఆయన పేరు పేపర్లో పడ్డప్పుడల్లా మా కార్ఖానాలో "మినిస్టరు మీ సొంతమా సార్?" అని అడిగేవారు. కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టేది. అవునని ఉంటే నాకెన్ని పనులయ్యేవో! మా రోజుల్లో కాని చుట్టరికం చెప్పుకోవడం నామర్దా.

2021 ఎన్నికల్లో మరీ విచిత్రం. పుదుచ్చేరి నాయకుడు రంగసామి గారు మా తట్టాంచావడిలోనూ నిలబడ్డారు, యానాంలోనూ నిలబడ్డారు. యానాంలో కృష్ణారావు గారు ఆయనకి దన్ను. ఇక్కడ గెలిచారు, అక్కడ గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్రుడు ఆయన్ని ఓడించాడు. అయినా ముఖ్యమంత్రి అయ్యారనుకోండి. ఆ వారం వళుదావూర్ రోడ్డు టీకొట్టులో తెలుగు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "సార్, గొల్లపల్లి అంటే ఊరా, అప్పా పేరా?" అని నలుగురు అడిగారు. చెప్పాను. టీ చల్లారిపోయింది గానీ, ఆ పూట నాకెంత తృప్తిగా ఉందో! ఒక ఇంటిపేరు గురించి ఈ వీధిలో మనుషులు నోరు తెరిచి అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అడగడంలో అంతా మంచే ఉందని నేననను. మా రోజుల్లో ఇంటిపేరు అడిగినవాళ్ళలో సగంమంది అడిగింది కులం. అరుగు మీద కూర్చోబెట్టాలా, వీధిలోంచే పంపాలా అన్నది ఆ జవాబుని బట్టి తేల్చేవారు. ఇల్లు అద్దెకిచ్చేవాడు అడిగేవాడు, బావి దగ్గర అడిగేవారు. ఆ రోగం రోగమే. కాకపోతే ఈనాటివాళ్ళు మాకా జబ్బు లేదని చంకలు గుద్దుకుంటారే, అది చూస్తే ఒళ్ళు మండుతుంది. పెళ్ళిసంబంధాల యాప్ తెరవండి. కులం, శాఖ, గోత్రం, అన్నిటికీ గడులున్నాయి. టిక్కు పెట్టడమే ఆలస్యం. మా కాలంలో కులం అడగాలన్నా మనిషి మొహం చూసి అడగాలి. ఎదుటివాడు కూడా మొహం చూసే చీవాట్లు పెట్టేవాడు. ఇప్పుడు జబ్బు ఉంది, చీవాట్లు పెట్టే మొహం లేదు.

ఆ రోజుల్లో ఇంటిపేరు ఒక అక్షరానికి కుదించుకున్నా దాని వెనకున్నది జనానికి తెలుసు. సి.ఆర్. రెడ్డి అంటే కట్టమంచి రామలింగారెడ్డి అని బడిపిల్లాడు చెప్పేవాడు. 1948 డిసెంబరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం అరవిందులకి బహుమానమిస్తే, దాన్ని పట్టుకొని ఈ పుదుచ్చేరికి స్వయంగా వచ్చారాయన. వి.వి. గిరి అంటే వరాహగిరివారు. రాధాకృష్ణన్ గారి 'ఎస్' సర్వేపల్లి, నెల్లూరు జిల్లాలో ఊరు. ఆయన తమిళదేశంలో పెరిగినా ఆ ఊరుని వదల్లేదు, కొడుకు గోపాల్ గారు చరిత్రకారుడై పుస్తకాల మీద దాన్ని నిలబెట్టారు. వాళ్ళు పేరుని మోశారు. పేరు వాళ్ళని మొయ్యలేదు.

ఇప్పుడంతా ఎదురు. 2014లో సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ కుర్చీ ఎక్కగానే నాదెళ్లవారే కాదు, నాదెండ్లవారు కూడా మిఠాయిలు పంచేటట్టున్నారనిపించింది. పాపం ఆయన లెక్కలు చేసి, క్రికెట్ ఆడి, రాత్రింబవళ్ళు పనిచేసి పైకొచ్చాడు. వీళ్ళకి అందులో వాటా కావాలి. ఎవడో పరిగెత్తితే వీళ్ళకి ఆయాసం రావడమెందుకు?

మా వాడి అట్ట మీద 'మా కుటుంబం' కొట్టేయించాను. 'మా ఇంటిపేరువాళ్ళు' అని ఒక వైపు, 'మావాళ్ళు కాకపోయినా మాకు చదువు చెప్పించినవాళ్ళు' అని ఇంకో వైపు రాయించాను. "ఇలా రాస్తే మార్కులు తగ్గుతాయి తాతయ్యా" అని ఏడుపు మొహం పెట్టాడు. తగ్గనీ. నేను వెళ్ళి ఆ టీచరమ్మతో మాట్లాడతాను. వాళ్ళ ఇంటిపేరు కూడా అడిగొస్తాను.

మీరూ ఫోన్లో వెతుక్కోండి, కాదనను. మీ ఇంటిపేరుగల మహానుభావులందరూ అరనిమిషంలో వచ్చి వరసలో నిలబడతారు. కానీ మీ ఎదురింటాయన ఏ ఊరివాడో, వాళ్ళ నాన్న ఏం చేసేవాడో ఆ డబ్బా చెప్పదు. అది తెలియాలంటే లేచి, చెప్పులేసుకొని, వీధి దాటాలి. వెళ్ళేటప్పుడు తలుపు కొట్టండి. 'మే ఐ కమ్' అని మెసేజ్ పెట్టి గుమ్మంలో నిలబడ్డారో, నేనైతే తలుపు తియ్యను.